బూడిదలోంచి పూసిన గన్నేరు

హిరోషిమా పేరు వినగానే కళ్లముందు మెదిలేది పుట్టగొడుగు ఆకారంలో లేచిన పొగ. ఏటా ఆగస్టు 6న మన బళ్లలో పిల్లలు అట్టల మీద ఆ బొమ్మే వేసుకుని ర్యాలీకి బయల్దేరతారు. పార్లమెంటు సమావేశాలు జరుగుతూ ఉంటే సభ్యులు లేచి నిలబడి మౌనం పాటిస్తారు. అంతటితో ఆ ఊరి కథ అయిపోయిందనే అనుకుంటాం. అక్కడ దాదాపు 12 లక్షల మంది పొద్దున్నే లేచి, పిల్లలకు క్యారేజీలు కట్టి, ఆఫీసులకు పరుగులు తీస్తూ ఉంటారన్న సంగతి చప్పున తట్టదు.

అందుకే టోక్యో నుంచి నాలుగు గంటలు బుల్లెట్ రైల్లో కూర్చుని హిరోషిమాలో దిగినవాళ్లు మొదట కాస్త తికమకపడతారు. విషాదం కోసం వెతుకుతారు. కనిపించేది మాత్రం చుట్టూ పచ్చటి కొండలు, ముందు సముద్రం, మధ్యలో నీళ్లే నీళ్లు. గోదావరి పాయలుగా చీలి కోనసీమను పెనవేసుకున్నట్టు ఓతా నది ఆరు పాయలై ఊరి మధ్యలోంచి పారుతుంది. ఎక్కడ చూసినా వంతెనలు. ఆ వంతెనల మీద గంట కొట్టుకుంటూ నింపాదిగా వెళ్లే ట్రామ్‌లు. 2025 ఆగస్టు నుంచి అవి ఏకంగా రైల్వేస్టేషన్ భవనం రెండో అంతస్తులోకే వచ్చి ఆగుతున్నాయి. రైలు దిగి నాలుగడుగులు వేస్తే ట్రామ్ ఎక్కేయొచ్చు.

ఎక్కేముందు దాని కథ తెలుసుకోవాలి.

మూడో రోజే కదిలింది

1945 ఆగస్టు 6, సోమవారం. ఉదయం 8 గంటల 15 నిమిషాలు. అమెరికా విమానం వదిలిన అణుబాంబు ఊరి నడిబొడ్డున, నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తులో పేలింది. అప్పటికి ఊళ్లో ఉన్నది మూడున్నర లక్షల మంది. ఆ ఏడాది ముగిసేసరికి వారిలో సుమారు లక్షా నలభై వేల మంది లేరు. ట్రామ్ కంపెనీకి ఉన్న 123 బండ్లలో 108 దెబ్బతిన్నాయి. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి, పట్టాలు మెలితిరిగాయి.

ఆగస్టు 9న నాగసాకి మీద రెండో బాంబు పడింది. సరిగ్గా అదే రోజు హిరోషిమా పశ్చిమ కొసన ఒక చిన్న దూరం మేర ట్రామ్ మళ్లీ కదిలింది!

నడిపిందెవరు? మగవాళ్లంతా యుద్ధానికి వెళ్లిపోవడంతో 1943లోనే కంపెనీ ఆడపిల్లల కోసం ఓ స్కూలు పెట్టింది. సగం పూట చదువు, సగం పూట కండక్టరుగానో డ్రైవరుగానో పని. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలు. బాంబు పేలినప్పుడు ఆ స్కూల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బతికినవాళ్లలో కొందరు మూడో రోజున బండెక్కి విధుల్లో నిలబడ్డారు. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లను టికెట్ డబ్బులు అడగలేదని చెబుతారు. రెండు వైపులా బూడిద తప్ప మరేమీ లేని ఊళ్లో, బంధువుల్ని వెతుక్కునేవాళ్లు ఆ బండి ఎక్కారు. యుద్ధం ముగిసి మగవాళ్లు తిరిగొచ్చాక స్కూలు మూతపడింది. అన్నట్టు, ఆనాడు బాంబు తాకిడికి గురైన 651, 652 నంబర్ల బండ్లను బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించారు. అదృష్టముంటే ఉదయం రద్దీ వేళల్లో అవి కంటపడతాయి. పక్క సీట్లో బడిపిల్లాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంటాడు.

బాంబు పేలిన చోటుకి 380 మీటర్ల దూరంలోని జపాన్ బ్యాంకు శాఖదీ ఇలాంటి కథే. గోడలు గట్టివి కావడంతో భవనం నిలబడింది. రెండో రోజుకల్లా, అంటే ఆగస్టు 8న తలుపులు తెరిచారు. ఇల్లూ వాకిలీ పోయిన మిగతా బ్యాంకులు కూడా అందులోనే తలా ఒక కౌంటరు పెట్టుకున్నాయి. ఆ భవనం ఇప్పటికీ ఉంది, లోపలికెళ్లి చూడొచ్చు.

నీళ్లు.. నీళ్లు..

ఊరికి ఈశాన్యాన ఉషితా అనే పేట ఉంది. పర్యాటకులు పెద్దగా వెళ్లరు. వెళ్లి తీరాల్సిన చోటు.

ఊరికి మంచినీళ్లు ఇచ్చే కేంద్రం అక్కడే ఉండేది. బాంబు ధాటికి కరెంటు పోయి పంపులు ఆగాయి. గుట్ట మీది ట్యాంకులో నీటి మట్టం పడిపోతోంది. కురో హోరినో అనే ఇంజినీరు అప్పటికే గాయపడ్డారు. ఆ ఒంటితోనే పంపుహౌస్ చేరుకుని, కరెంటు పోయినప్పుడు వాడే ఇంజన్‌ను నానా తంటాలూ పడి మధ్యాహ్నానికి ఆడించారు. ట్యాంకు ఖాళీ కాలేదు. ఊళ్లో గొట్టాలు ఎక్కడికక్కడ పగిలిపోయినా, పగిలిన చోటల్లా నీళ్లు వచ్చాయి. అంత జరిగినా తమ సరఫరా ఆగలేదని హిరోషిమా జలమండలి ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ పాత పంపుహౌస్‌లోనే నీటి సరఫరా చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం పెట్టారు.

ఈ నీళ్ల విలువ తెలియాలంటే ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఒళ్లు కాలిన వేలమంది చివరిగా అడిగింది మంచినీళ్లే. కాలిన మనిషికి నీళ్లిస్తే చనిపోతారని అప్పట్లో నమ్మకం. అందుకని ఇవ్వనివాళ్లున్నారు. ఆ మనిషి ఎలాగూ పోయాడు, ఒక్క గుక్క పోసి ఉంటే బావుండేదన్న బాధ మిగిలినవాళ్ల గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. పీస్ పార్కులో అడుగుపెట్టగానే ఎదురయ్యే ఫౌంటెన్ ఆ దాహంతో పోయినవాళ్ల కోసం 1964లో కట్టిందే. ఏటా ఆగస్టు 6 ఉదయం జరిగే సంస్మరణలో ఊళ్లోని పలుచోట్ల నుంచి పట్టి తెచ్చిన నీళ్లను ముందుగా సమర్పిస్తారు. తర్పణం వదిలే ఆచారమున్న మనకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

హోరినో మహాసంకల్పం చేసుకున్నారని, ట్రామ్ ఎక్కిన ఆడపిల్లలు జాతికి స్ఫూర్తి కావాలనుకున్నారని రాయడం తేలిక. ఆ రోజుల సంగతులు చదువుతుంటే మాత్రం అలా అనిపించదు. చేతిలో ఓ పని ఉంది, అది చేశారు. దానికి అర్థాలు వెతకడం తర్వాతివాళ్ల వంతైంది.

కష్టాలు అక్కడితో తీరాయా అంటే అదీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా 1945 సెప్టెంబరు 17న పెనుతుఫాను విరుచుకుపడింది. ఒక్క హిరోషిమా రాష్ట్రంలోనే రెండు వేలమందికి పైగా చనిపోయారు. బాంబుకి తట్టుకున్న వంతెనల్లో కొన్ని ఆ వరదకు కొట్టుకుపోయాయి.

కూల్చాలా.. ఉంచాలా?

'గెంబాకు డోమ్' అనే స్టాపులో ట్రామ్ దిగితే ఎదురుగా ఫొటోల్లో అందరూ చూసిన భవనమే. యాన్ లెట్జెల్ అనే చెక్ వాస్తుశిల్పి గీసిన ప్లానుతో 1915లో కట్టారు. స్థానిక వస్తువుల ప్రదర్శనలకు వాడేవారు. బాంబు దాదాపు నడినెత్తినే పేలడంతో కొన్ని గోడలు, గుమ్మటం ఇనుప చట్రం నిలబడ్డాయి. లోపలున్న వాళ్లెవరూ మిగల్లేదు.

దాన్ని ఉంచడం అందరికీ ఇష్టం లేదు. చూసినప్పుడల్లా పోయినవాళ్లు గుర్తొస్తున్నారు, కూల్చేయండి అన్నారు కొందరు. ఆ మాటలోనూ న్యాయముంది. వాదులాట ఏళ్ల తరబడి సాగింది. ఏడాది వయసులో బాంబు బారిన పడిన హిరోకో కజియామా అనే అమ్మాయి 1960లో, పదహారో ఏట రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ భవనమే రేపటి లోకానికి జరిగింది చెబుతుందన్న అర్థంలో ఆ పిల్ల డైరీలో రాసుకుంది. దాన్ని చదివిన ఊరి పిల్లలు సంతకాలూ చందాలూ సేకరించారు. 1966లో నగర మండలి కూల్చకూడదని తీర్మానించింది. 1996లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కింది.

పక్కనున్న మోతోయాసు నది ఒడ్డున 2023లో ఆవిష్కరించిన గాంధీజీ విగ్రహం ఉంది. అంతకు చాలా ముందే, 1957లో నెహ్రూ ఈ ఊరొచ్చి వెళ్లారు. వంతెన దాటితే పీస్ పార్కు, మ్యూజియం. కాగితపు కొంగల సడాకో కథ మన పాఠ్యపుస్తకాల పుణ్యమా అని పిల్లలందరికీ తెలిసిందే. ఆమె పేరున లేచిన స్తూపం దగ్గర రంగురంగుల కాగితపు కొంగలు దండలు దండలుగా వేలాడుతుంటాయి. ఏటా కోటి దాకా వస్తాయట! మ్యూజియంలో మాత్రం రంగులుండవు. మాడి బొగ్గైన అన్నంతో ఓ పదమూడేళ్ల కుర్రాడి టిఫిన్ డబ్బా ఉంటుంది. దాని ముందు తల్లులు ఎక్కువసేపు నిలబడటం గమనించవచ్చు. మరీ చిన్నపిల్లలుంటే మీలో ఒకరు వాళ్లతో బయట పార్కులో ఉండి, వంతులవారీగా చూసి రావడం మంచిది.

డెబ్భై అయిదేళ్లన్నారు

బాంబు పడ్డాక ఊరంతా ఓ మాట పాకింది: ఇక్కడ డెబ్భై అయిదేళ్ల దాకా గడ్డిపోచ మొలవదు!

ఆ శరత్కాలానికే కలుపు మొక్కలు తలెత్తాయి. బాంబు పేలిన చోటుకి కిలోమీటరు లోపే మెట్టతామర చిగురించింది. మరుసటి వేసవుల్లో గన్నేరు విరగబూసింది. మన పెరళ్లలో, దేవుడి పూల సజ్జలో ఉండే ఆ గన్నేరే! 1973లో హిరోషిమా నగరం దాన్ని తన అధికారిక పుష్పంగా ప్రకటించుకుంది. జులై, ఆగస్టుల్లో వెళితే నదుల ఒడ్డునా రోడ్ల పక్కనా గులాబీ రంగు గుత్తులు పలకరిస్తాయి.

బాంబు తిని బతికిన చెట్లు ఇంకా సుమారు 160 ఉన్నాయి. అన్నీ రెండు కిలోమీటర్ల లోపే. ఒక్కోదానికి పసుపురంగు చిన్న పలక తగిలించారు. హిరోషిమా కోటలో యూకలిప్టస్, 1620 నాటి షుక్కెయెన్ తోటలో జింకో, నది పక్కన విల్లో. హోసెన్‌బో అనే గుడిలోని జింకో చెట్టు చూడాల్సిందే. గుడిని తిరిగి కట్టేటప్పుడు చెట్టు అడ్డొచ్చింది. చెట్టును కొట్టలేదు, మెట్లను రెండుగా చీల్చి మధ్యలో దానికి చోటిచ్చారు. ఈ చెట్లను జాగ్రత్తగా చూస్తే ఒక విచిత్రం. చాలావాటి మానులు బాంబు పేలిన దిక్కుకే వంగి ఉంటాయి. కాలిన వైపు ఎదుగుదల మందగించి, రెండో వైపు మామూలుగా పెరగడం వల్ల అలా ఒరిగాయంటారు.

సుజుకో నుమాతా చెట్టు

మ్యూజియం పక్కనే అవొగిరి అనే చెట్టుంది. వెడల్పాటి ఆకులు, ఆకుపచ్చ మాను. ఒకవైపు నిలువునా కాలి డొల్లగా ఉంటుంది. పార్కులో పుట్టింది కాదు. ఈశాన్యంగా, బాంబు పేలిన చోటుకి 1,300 మీటర్ల దూరంలో ఉన్న తపాలా, తంతి శాఖ ఆఫీసు ఆవరణలోంచి 1973లో తెచ్చి నాటారు.

ఆ ఆఫీసులోనే సుజుకో నుమాతా పనిచేసేవారు. 1945లో ఆమెకు ఇరవై రెండేళ్లు. పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు యుద్ధంలో ఉన్నాడు. సెలవు మీద వస్తాడని, ఆగస్టులోనే పెళ్లని ఇంట్లో ఎదురుచూస్తున్నారు. ఆరో తేదీ ఉదయం ఆమె ఆఫీసు భవనంలో ఉన్నారు. కూలిన సామాను కింద ఎడమ కాలు నుజ్జయింది. కుళ్లడం మొదలయ్యేసరికి మత్తుమందు కూడా లేకుండా కాలు తీసేశారు. పెళ్లికొడుకు జులైలోనే చనిపోయాడన్న కబురు ఆ తర్వాత తెలిసింది.

కాలు లేదు. రావాల్సిన మనిషి రాడు. చచ్చిపోవాలన్న ఆలోచన తప్ప మరొకటి లేని రోజులవి. అలాంటప్పుడు ఆ ఆవరణలో నిలువునా కాలిన చెట్టు కంటపడింది. పైనంతా మాడిపోయింది. కొమ్మలకు మాత్రం లేత చిగుళ్లు. ఇంత కాలినది బతకాలనుకుంటోందే అనిపించిందని తర్వాత ఆమె ఎన్నోసార్లు చెప్పారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి నీతికథ. అసలు జీవితం అంత చక్కగా నడవలేదు. చిగురు చూసిన మర్నాటి నుంచి ఆమె ధైర్యం చెప్పే మనిషిగా మారిపోలేదు. కర్రల సాయంతో నడక నేర్చుకున్నారు. చదువుకుని ఆడపిల్లల స్కూల్లో టీచరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. బాంబు గురించి బయట నోరు విప్పలేదు. అలా ముప్ఫై అయిదేళ్లు!

1946లో అమెరికా బృందం హిరోషిమాలో తీసిన ఫిల్ము అమెరికా భాండాగారాల్లో పడి ఉందని తెలిసి, 1980 ప్రాంతంలో జపాన్ పౌరులు దాని కాపీ కొనడానికి చందాలు పోగుచేశారు. ఒక్కో చందా పది అడుగుల ఫిల్ముకు. అలా తెచ్చిన రీళ్లలో కాలు తెగిన ఓ అమ్మాయి కనిపించింది. అది నుమాతానే. అప్పటికి ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నారు. తెర మీద తనను తాను చూసుకున్నాక చెప్పడం మొదలుపెట్టారు. స్కూలు పిల్లలు విహారయాత్రకొస్తే అవొగిరి నీడన కూర్చోబెట్టుకుని చెప్పేవారు. తమకు జరిగింది చెప్పి ఊరుకోలేదు. జపాన్ సైన్యం దారుణాలు చేసిన మలేసియా లాంటి దేశాలకు వెళ్లి అక్కడివారికి క్షమాపణ చెప్పారు. తన గాయాన్ని చూపించే హక్కు ఉన్న మనిషి ఎదుటివాడి గాయం గురించి అడగడం.. హిరోషిమాలో వినిపించే కథల్లో బహుశా ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. 2011లో, ఎనభై ఏడేళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

అందరికీ ఓ చెట్టు దొరకలేదు. బాంబు బాధితులనగానే సంబంధాలు వెనక్కిపోయేవి. పుట్టబోయే పిల్లలకేమవుతుందోనని భయం. ఉద్యోగాలు దొరికేవి కావు. ఎందరో ఆ సంగతి కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పకుండా పోయారు. ప్రభుత్వం వైద్యసాయం చట్టం చేసేసరికి 1957 వచ్చింది. చనిపోయినవారిలో వేలమంది కొరియన్లున్నారు. వాళ్ల కోసం 1970లో కట్టిన స్మారకం పార్కు బయటే ఉండేది. 1999లోగానీ లోపలికి రాలేదు. నది దాటడానికి ఇరవై తొమ్మిదేళ్లు!

పెనం మీద రొట్టె.. పీపాలో చిల్లర

ఇంత విన్నాక ఆకలేస్తుందా అనొద్దు. ఈ ఊరివాళ్లు కోలుకున్నది తిండి దగ్గరే. యుద్ధం తర్వాత బియ్యం కరవు. సాయంగా వచ్చిన గోధుమపిండిని దోసెలా పలచగా పెనం మీద పోసి, పైన బోలెడు క్యాబేజీ తరుగు వేసి అమ్మేవారు. భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఇంటి ముందు గదిలోనే పెనం పెట్టుకుని పిల్లల్ని పెంచారని చెబుతారు. అదే నేటి ఒకొనొమియాకి. నూడుల్స్, గుడ్డు చేరి ఇప్పుడది లావెక్కింది. ఒకొనొమిమురా అనే భవనంలో అంతస్తుల నిండా ఇవే దుకాణాలు. అందులో పంది మాంసం మామూలుగా వేస్తారు. వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. శాకాహారులు పైన పోసే సాస్ గురించి కూడా అడగడం మంచిది.

క్రికెట్ పిచ్చి ఉన్నవారికి ఇంకో కథ. హిరోషిమాకి 'కార్ప్' అని ఓ బేస్‌బాల్ జట్టుంది. 1950లో తొలి సీజన్ ఆడింది. వెనకాల పెద్ద కంపెనీ లేదు, జీతాలకు డబ్బుల్లేవు. 1951లో జట్టు మూతపడేలా ఉంటే స్టేడియం ముందు సారా పీపాలు పెట్టారు. తమకే తిండికి లేనివాళ్లు వాటిలో చిల్లర వేశారు. ఆ జట్టు మొదటిసారి లీగ్ గెలిచింది 1975లో. పాతికేళ్లు ఓడినా చూడ్డానికెళ్లిన ఊరది! ఆట ఉన్న రోజు ట్రామ్ ఎక్కితే ముసలమ్మల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా ఎర్ర చొక్కాలే.

ఎప్పుడు వెళ్లాలి?

మార్చి చివర్లో చెర్రీపూలు, నవంబరులో రంగుమారే ఆకులు. ఎండకు వెరవనివాళ్లు ఆగస్టులో వెళ్లొచ్చు. ఆరో తేదీకి గదులు నెలల ముందే నిండిపోతాయి. ఆ సాయంత్రం మోతోయాసు నదిలో పేర్లు రాసిన కాగితపు దీపాలు వదులుతారు. కార్తీకమాసంలో కృష్ణా, గోదావరుల్లో అరటి దొప్పల దీపాలు చూసినవారికి కొత్తగా అనిపించదు.

చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. 2025 మార్చి నాటికి జపాన్‌లో గుర్తింపు పొందిన బాంబు బాధితులు లక్షలోపుకి వచ్చారు. సగటు వయసు 86. వాళ్ల సంస్థ నిహోన్ హిడాంక్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చేనాటికి స్థాపకుల్లో ఎక్కువమంది లేరు. అందుకే 2012 నుంచి నగరపాలక సంస్థ వారసులను తయారుచేస్తోంది. బ్యాంకు ఉద్యోగులో గృహిణులో టీచర్లో ముందుకొచ్చి, ఒక బాధితుడి దగ్గర కూర్చుని, ఆయన కథను ఏళ్ల తరబడి విని నేర్చుకుంటారు. ఒక్క మాట కల్పించకూడదు. నేర్చుకున్నాక ఆయన తరఫున చెబుతారు. మ్యూజియంలో వీళ్ల ప్రసంగాలు ఉచితం. ఇంగ్లిషులో చెప్పేవాళ్లూ ఉన్నారు. వెళ్లేముందు వేళలు కనుక్కోండి.

అవొగిరి విత్తనాల నుంచి మొలిచిన మొక్కలు జపాన్ అంతటా స్కూళ్లలో పెరుగుతున్నాయి. బాంబు తిన్న చెట్ల విత్తనాలను విదేశాలకు పంపే కార్యక్రమం కూడా 2011లో మొదలైంది. పార్కులో తల్లిచెట్టు పక్కన పిల్లచెట్టు ఒకటి ఉంది. దాని మానుకు కాలిన మచ్చ లేదు.